వెంట్రుకలు తర్వాత... ముందు వెలుగు చూడండి!

అభిమాన హీరో పుట్టినరోజు వచ్చిందంటే చాలు, ఇన్‌స్టాగ్రామ్ నిండా డిజిటల్ పోర్ట్రెయిట్లే. గడ్డంలో వెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కంటిపాపలో కిటికీ మెరుపు కూడా ఉంటుంది. కానీ ఒక్క నిమిషం ఆగి చూడండి. చాలా బొమ్మల్లో ఆ ముఖం మైనంతో చేసినట్టు ఉంటుంది. చెంపలు బెలూన్లలా, ముక్కు విడిగా తెచ్చి అతికించినట్టు, పళ్లు ట్యూబ్‌లైట్‌లా కనిపిస్తాయి. వివరాలన్నీ ఉన్నాయి, మనిషి మాత్రం లేడు. పైన పటారం, లోన లొటారం అంటారే, అచ్చం అలాగే.

ఇది టాలెంట్ లేకపోవడం వల్ల వచ్చే సమస్య కాదు. పని వరుస తప్పడం వల్ల వస్తోంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు కనురెప్పలతో, చర్మరంధ్రాలతో మొదలుపెడతారు. పునాది వేయకుండా గోడకు రంగులేస్తే ఇల్లు నిలబడుతుందా? బొమ్మ సహజంగా ఉండాలంటే ముందు కొలతలు, తర్వాత వెలుగునీడలు, ఆ తర్వాత అంచులు, అటుపైన రంగు కుదరాలి. వెంట్రుకలది ఐదో స్థానం. యానిమేషన్, గేమింగ్, వీఎఫ్ఎక్స్ వైపు వెళ్లాలని చూస్తున్న విద్యార్థికి ఇది సరదా సంగతి కాదు. పోర్ట్‌ఫోలియో తెరిచినవాళ్లకు మీకేం తెలుసో, ఏం తెలియదో బయటపెట్టేది ఈ వరుసే.

పెట్టె మీది అంకెలు బొమ్మ వేయవు

పెన్ టాబ్లెట్ కొంటే పెట్టె మీద '8192 ప్రెషర్ లెవెల్స్' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. పెన్నును ఎంత గట్టిగా నొక్కారో అన్ని మెట్లలో గుర్తిస్తుందని దానర్థం. మంచిదే. కానీ ముక్కు కింద నీడ ఎంత ముదురుగా ఉండాలో అది చెప్పదు కదా! 'స్కిన్ బ్రష్ ప్యాక్', 'హెయిర్ బ్రష్ ప్యాక్' అని డౌన్‌లోడ్ చేసుకుంటూ పోతే హార్డ్‌డిస్క్ నిండుతుంది, చేతికి పని రాదు. బొమ్మ కుదరకపోతే బ్రష్‌ను తిట్టుకోవడం ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

క్రిటా అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్ మీదా, లినక్స్ మీదా నడుస్తుంది. ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లకు ఐబిస్ పెయింట్ ఉచిత వెర్షన్ చాలు. టాబ్లెట్ కొనే స్తోమత లేకపోతే కంగారు పడొద్దు. లాసో టూల్‌తో ఆకారం చుట్టి, అందులో రంగు నింపుతూ ముఖం మొత్తాన్ని కట్టొచ్చు. దానికి మౌస్ సరిపోతుంది, ప్రెషర్ అక్కర్లేదు. పైగా ఇలా చేస్తే చిన్న వివరాల జోలికి పోవడం కుదరదు, పెద్ద ఆకారాలే చూడాల్సి వస్తుంది. మొదట్లో కావాల్సిన శిక్షణ అదే. పెన్ ఉన్నవాళ్లు మొదటి మూడు నెలలు అంచు గట్టిగా ఉండే ఒకే ఒక్క రౌండ్ బ్రష్‌తో సరిపెట్టుకుంటే మేలు.

పోలిక ఎక్కడుంటుంది?

కొత్తవాళ్ల బొమ్మల్లో ఎక్కువగా కనిపించే పొరపాటు కళ్లను మరీ పైకి పెట్టడం. మనం ముఖం వైపే చూస్తాం, జుట్టు కింద ఉన్న పుర్రెను మరచిపోతాం. నడినెత్తి నుంచి గడ్డం కొస వరకు కొలిస్తే కళ్లు దాదాపు సరిగ్గా మధ్యలో ఉంటాయి. నమ్మకం కుదరకపోతే అద్దం ముందు స్కేలు పట్టుకుని చూసుకోండి.

ఇక ముఖం సంగతి. జుట్టు మొదలయ్యే చోటు నుంచి కనుబొమల వరకు ఒక భాగం, అక్కడి నుంచి ముక్కు అడుగు వరకు రెండో భాగం, అక్కడి నుంచి గడ్డం వరకు మూడోది. మూడూ ఇంచుమించు సమానం. ఆండ్రూ లూమిస్ అనే అమెరికన్ చిత్రకారుడు 1956 నాటి తన పుస్తకంలో తలను కట్టే పద్ధతి చెబుతూ ఈ మూడు భాగాల లెక్కే వాడాడు. యూట్యూబ్ పాఠాల్లో 'లూమిస్ మెథడ్' అని వినపడేది ఇదే. మన శిల్పశాస్త్రంలో తాళమానం అనే కొలత అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందుదే. అందులో ముఖం పొడవు ఒక తాళం, అంటే 12 అంగుళాలు. నుదురుకు 4, ముక్కుకు 4, అక్కడి నుంచి గడ్డానికి 4. ఇక్కడ అంగుళమంటే మన టేపు మీది అంగుళం కాదు, ఆ ప్రతిమ సైజును బట్టి మారే కొలత.

అయితే ఈ లెక్కలన్నీ సగటు మనిషివి. మీ ఎదురుగా కూర్చున్న మనిషి ఆ సగటుకు ఎక్కడ తేడాగా ఉన్నాడో అక్కడే పోలిక ఉంటుంది. మీ స్నేహితుడి నుదురు కాస్త పెద్దది, పెదవికీ ముక్కుకూ మధ్య దూరం తక్కువ అని గమనించారనుకోండి, సగం పని అయిపోయినట్టే. బాపు నాలుగు గీతలు గీస్తే మనిషిని గుర్తుపట్టేవాళ్లం. అక్కడ చర్మరంధ్రాలున్నాయా? వెంట్రుకలున్నాయా?

ఎంచుకునే ఫొటో విషయంలోనూ జాగ్రత్త అవసరం. సెల్ఫీ చూసి ముఖం నేర్చుకోవద్దు. కెమెరా దగ్గరైన కొద్దీ ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. 5 అడుగుల దూరంతో పోలిస్తే 12 అంగుళాల దూరం నుంచి తీసిన ఫొటోలో ముక్కు వెడల్పు సుమారు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుందని 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం లెక్కగట్టింది. కాబట్టి ఐదారు అడుగుల దూరంలో నిలబడి, జూమ్ చేసి తీయండి. బ్యూటీ మోడ్ ఆపేయండి. లేకపోతే మనకు కావాల్సిన నీడల్ని ఫోనే ముందుగా చెరిపేస్తుంది. బొమ్మ వేసేటప్పుడు పది నిమిషాలకోసారి కాన్వాస్‌ను అడ్డంగా తిప్పి చూడండి. క్రిటాలో 'ఎం' కీ నొక్కితే చాలు. అంతవరకు కంటికి అలవాటైపోయిన వంకర ఒక్కసారిగా కనిపిస్తుంది.

కాస్ తీటా గుర్తుందా?

నా ఉద్దేశంలో సహజత్వంలో సింహభాగం వెలుగునీడలదే. ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. ఇంటర్ నుంచీ మనతో ఉన్న కాస్ తీటాకు ఇక్కడ చక్కటి పని పడుతుంది.

యోహాన్ హైన్రిష్ లాంబర్ట్ 1760లో చెప్పిన సూత్రం ప్రకారం, మెరుపు లేని ఉపరితలం మీద వెలుగు ఎంత పడుతుందనేది ఆ ఉపరితలం కాంతికి ఎంత వాలుగా ఉందో దాన్నిబట్టి ఉంటుంది. కాంతికి ఎదురుగా ఉంటే పూర్తి వెలుగు. 60 డిగ్రీలు పక్కకు తిరిగితే కాస్ 60, అంటే సగం. 90 డిగ్రీలకు సున్నా. చెంప, నుదురు, ముక్కుదూలం ఇవన్నీ రకరకాల వాలులే కదా!

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. సగం వెలుగు అంటే కలర్ పికర్‌లో 255లో సగం 128 అనుకుంటాం. కాదు. మన తెరలు వాడే ఎస్ఆర్‌జీబీ పద్ధతిలో సగం వెలుగు దాదాపు 188 దగ్గర ఉంటుంది. తెల్లటి బంతి మీద ఒకే దీపం వెలుగు పడుతోందనుకోండి. ఎదురుగా ఉన్నచోట 255. 30 డిగ్రీల దగ్గర 239. 60 దగ్గర 188. 80 దగ్గర 116. 90కి సున్నా. అంటే మొదటి 60 డిగ్రీల్లో తగ్గింది 67 మాత్రమే, మిగిలిన 30 డిగ్రీల్లో 188 పడిపోయింది. వెలుగు చాలా దూరం నిలకడగా ఉండి, నీడ దగ్గరకొచ్చేసరికి గబుక్కున దిగుతుందన్నమాట. కొత్తవాళ్లు దీన్ని గమనించరు. తెలుపు నుంచి నలుపుకు మెత్తటి బ్రష్‌తో సమానంగా పులుముతారు. చెంప బెలూన్‌లా కనిపించడానికి కారణం అదే. నిజమైన గదిలో గోడల నుంచీ చొక్కా నుంచీ తిరిగొచ్చే వెలుగు ఉంటుంది కాబట్టి నీడ సున్నాకు పోదు. అయినా ఆ దిగుడు తీరు మాత్రం మారదు.

కాబట్టి ముందు రంగు మానేయండి. ఐదే ఐదు బూడిద ఛాయలు తీసుకోండి. రెండు వెలుగుకి, ఒకటి మధ్యకి, రెండు నీడకి. కళ్లు సగం మూసి ఫొటోను చూస్తే చిన్న వివరాలు పోయి పెద్ద ఆకారాలే మిగులుతాయి. వాటిని ఈ ఐదు ఛాయల్లో నింపండి. చిన్న సైజులో చూసినా మనిషి గుర్తుపట్టేలా ఉంటే పని కుదిరినట్టు. లేకపోతే కనురెప్పలు పెట్టినా కుదరదు.

రంగుల్లోకి వెళ్లాక కూడా మీ బొమ్మను తరచూ నలుపు తెలుపుల్లో చూసుకోండి. పైన ఒక లేయర్ వేసి, నల్లరంగు నింపి, బ్లెండ్ మోడ్ 'కలర్' పెడితే చాలు. కంటికి వెలిగిపోతున్నట్టుండే కుంకుమ ఎరుపు అక్కడ ఎంత ముదురో చూసి ఆశ్చర్యపోతారు. గ్రేస్కేల్‌కు మార్చే ప్రామాణిక లెక్కల్లో ఒకదాని ప్రకారం ఎరుపుకు దక్కే వాటా 30 శాతం, ఆకుపచ్చకు 59, నీలానికి 11. కనుగుడ్డు తెలుపు, పళ్ల తెలుపు సంగతీ అంతే. పై రెప్ప నీడ కనుగుడ్డు మీద, పెదవి నీడ పళ్ల మీద పడతాయి. అక్కడ అసలు తెలుపు వేశారంటే బొమ్మ దయ్యంలా చూస్తుంది.

పులమడం ఆపితే మనిషి కనిపిస్తాడు

డిజిటల్‌లో చేతికి తేలిగ్గా దొరికే ప్రమాదం స్మడ్జ్ టూల్, ఎయిర్‌బ్రష్. వేసిన ప్రతి అంచునూ మెత్తగా చేసేస్తాం. ప్రకృతిలో అంచులన్నీ ఒకేలా ఉండవు. ముక్కు నీడ పెదవి పైన పడినప్పుడు ముక్కు దగ్గర దాని అంచు పదునుగా ఉంటుంది, దూరం పోయేకొద్దీ మెత్తబడుతుంది. చెంప గుండ్రంగా తిరిగే చోట అంచు మెత్తన. పై రెప్ప మడత దగ్గర గట్టి. నల్లటి జుట్టు చీకటి గోడ ముందుంటే అసలు అంచే కనిపించదు. అలాంటి చోట అంచును వదిలేయండి. చూసేవాడి కన్ను దాన్ని పూరించుకుంటుంది. ఒక బొమ్మ పూర్తయిందనుకున్నాక, 'ఇందులో పదునైన అంచులు ఎక్కడున్నాయి? అవి నేను చూపించాలనుకున్న చోటే ఉన్నాయా?' అని అడగండి. చాలాసార్లు చొక్కా కాలర్ పదునుగా, కళ్లు మసగ్గా ఉంటాయి.

మన ఛాయను మనమే మార్చేస్తామా?

నాకు బాగా పట్టింపు ఉన్న విషయం ఇది. మనలో చాలామందిది చామనఛాయ. కానీ బొమ్మల్లో మనుషులు గులాబీ రంగులో, పీచ్ రంగులో తేలతారు. కారణం తేలిక. పాఠాలు చెప్పే వీడియోల్లో ఎక్కువ భాగం తెల్లవాళ్ల ముఖాలవి. సాఫ్ట్‌వేర్‌లో, నెట్‌లో దొరికే 'స్కిన్ పాలెట్' ఎక్కువగా అదే. ఆ రంగుల్ని తెచ్చి మన ముఖం మీద వేసి, ముదురు కావాలంటే నలుపు కలుపుతాం. దాంతో చర్మం బూడిద కొట్టుకుపోతుంది.

కలర్ వీల్ మీద చూస్తే మనుషుల చర్మం రంగులు చాలావరకు ఎరుపుకీ పసుపుకీ మధ్య, నారింజ దగ్గరే ఉంటాయి. చామనఛాయ అంటే ముదిరిన నారింజ. నలుపు కలపకుండా, ఎరుపు వైపు కాస్త జరిపి ముదురు చేయండి. ఇంకో సంగతి. చర్మం పైపొర మీద తళుక్కుమనే మెరుపు ఏ రంగు మనిషికైనా దాదాపు ఒకటే. అయితే ముదురు చర్మం మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నుదురు మీద, ముక్కు కొన మీద, చెంప ఎముక మీద ఆ మెరుపు సరిగ్గా పడితే ముఖం బతుకుతుంది. ఆ మెరుపుది చర్మం రంగు కాదు, వచ్చే కాంతి రంగు. కిటికీలోంచి ఆకాశం వెలుగు పడుతుంటే కాస్త నీలం ఉంటుంది.

ఎండకు ఎదురుగా నిలబడ్డ పిల్లాడి చెవులు వెనక నుంచి చూస్తే ఎర్రగా వెలగడం గమనించే ఉంటారు. కాంతి చర్మం లోపలికి వెళ్లి, రక్తం రంగు పట్టుకుని బయటికి వస్తుంది. దాన్నే సబ్‌సర్ఫేస్ స్కాటరింగ్ అంటారు. వెలుగు, నీడ కలిసే గీత దగ్గర కాస్త ఎరుపు పెడితే మైనం ముఖం మాంసం ముఖం అవుతుంది. దీన్ని కంప్యూటర్‌లో త్వరగా లెక్కగట్టే పద్ధతిని హెన్రిక్ వాన్ జెన్సెన్ బృందం 2001లో ప్రచురించింది. ఆ కృషికి జెన్సెన్‌తో పాటు స్టీఫెన్ మార్ష్‌నర్, పాట్ హన్రాహన్‌లకు 2004లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం ఇచ్చింది. చిత్రకారుడు బ్రష్‌తో చేసేదాన్ని ఇంజినీర్లు కోడ్‌తో చేశారు. రెండిటి మూలమూ చెవిని చూసిన చూపే.

స్కిన్ టోన్లకు ఆధారం కావాలంటే 2022లో గూగుల్ విడుదల చేసిన మంక్ స్కేల్‌లో పది ఛాయలున్నాయి. అంతకంటే మంచి పాలెట్ మీ ఇంట్లోనే ఉంది. అమ్మ, నాన్న, తాతయ్య, పక్కింటి పిన్ని. ఉదయం కిటికీ పక్కన కూర్చోబెట్టి చూసి వేయండి. మన మధ్య ఉండే ముఖాన్ని దాని రంగుతో వేయగలిగినవాళ్లు తక్కువమంది. ఆ కొద్దిమందిలో ఉండటం మీకే లాభం.

ట్రేసింగ్ తప్పా? ఏఐ ఉండగా ఇదంతా ఎందుకు?

ఈ రెండు ప్రశ్నలూ తప్పకుండా వస్తాయి. నేర్చుకోవడానికి ట్రేస్ చేస్తే తప్పేం లేదు. ఫొటో మీద గీసి, ఎముకలు ఎక్కడున్నాయో, తలం ఎక్కడ మలుపు తిరిగిందో అర్థం చేసుకోవచ్చు. ట్రేస్ చేసిన బొమ్మను 'ఫ్రీ హ్యాండ్' అని పోర్ట్‌ఫోలియోలో పెడితేనే తప్పు. ఇంటర్వ్యూలో ఎవరైనా, 'ఇదే ముఖానికి లైట్ ఎడమ నుంచి కుడికి మార్చి స్కెచ్ వేయండి' అన్నారనుకోండి. ఫొటోలోని ప్రతి చుక్కా దించినవాడు అక్కడ ఆగిపోతాడు. ఐదు ఛాయల్లో ముప్పై ముఖాలు వేసినవాడు పెన్ను అందుకుంటాడు. ఇద్దరి మధ్య తేడా చేతిలో లేదు, తలలో ఉంది.

ఏఐ విషయానికొస్తే, నున్నటి ముఖాన్ని అది సెకన్లలో ఇస్తుంది. నిజమే. అందుకే నున్నదనానికి విలువ తగ్గింది. గంటల తరబడి చర్మరంధ్రాలు చుక్కలు పెట్టి వేయడమే మీ బలమైతే ఆ బలం ఇక నిలవదు. కానీ ఆ యంత్రం ఇచ్చిన బొమ్మలో నీడ ఒకవైపు, కళ్లలో మెరుపు మరోవైపు ఉంటే పట్టుకోవడానికి, సరిదిద్దడానికి వెలుగు తెలిసిన మనిషి కావాలి. ఏ టూల్ వచ్చినా ఆ చూపు పాతబడదన్నది నా అభిప్రాయం.

పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి?

ఒక మాట సూటిగా చెప్పుకుందాం. 'పోర్ట్రెయిట్ ఆర్టిస్ట్' అనే పేరుతో నెలజీతం ఉద్యోగాలు అరుదు. కానీ ముఖం మీద నేర్చుకున్న వెలుగు కాన్సెప్ట్ ఆర్ట్‌కు, క్యారెక్టర్ టెక్స్చరింగ్‌కు, త్రీడీ లైటింగ్‌కు, లుక్ డెవలప్‌మెంట్‌కు పనికొస్తుంది. కోడింగ్ వచ్చినవాళ్లకు షేడర్ ప్రోగ్రామింగ్ ఉంది. అందులో లాంబర్ట్ సూత్రం మొదటి పాఠం. ఎం.డిజైన్ చేయాలనుకునే ఇంజినీరింగ్ విద్యార్థులకు ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష ఉంది. దాని పార్ట్-బిలో చేత్తో బొమ్మ గీయాలి. ఐఐటీ హైదరాబాద్‌లోని డిజైన్ విభాగం కూడా ఆ స్కోరును పరిగణిస్తుంది. అక్కడ అన్‌డూ బటన్ ఉండదు, కొలతా చూపూ మాత్రమే ఉంటాయి. ఏటా వచ్చే నోటిఫికేషన్ చూసి వివరాలు సరిచూసుకోండి.

రోజుకు గంట చొప్పున ఆరు వారాలు ఇలా ప్రయత్నించి చూడండి:

* మొదటి వారం: కేవలం కొలతలు. రోజుకు నాలుగు తలలు, గీతల్లోనే. వేర్వేరు కోణాల నుంచి.
* రెండో వారం: ఒక తెల్ల బంతి లేదా కోడిగుడ్డు, ఒక టేబుల్ ల్యాంప్. ల్యాంప్ చోటు మారుస్తూ బూడిద ఛాయల్లో వేయండి.
* మూడో వారం: ఐదు ఛాయల ముఖాలు. ఒక్కోదానికి అరగంటే.
* నాలుగో వారం: అవే ముఖాల మీద అంచులు. స్మడ్జ్ టూల్ ముట్టుకోవద్దు.
* ఐదో వారం: ఇంట్లోవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి రంగుల్లో. ఫొటో లేకుండా.
* ఆరో వారం: ఒకే మనిషి, మూడు రకాల వెలుగు. ఉదయం కిటికీ, రాత్రి ట్యూబ్‌లైట్, పైనుంచి బల్బు. చివర్లో కావాలంటే వెంట్రుకలు.

ఈ ఆరో వారం పనినే పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీగా పెట్టండి. పక్కనే తొలి గీతలు, బూడిద ఛాయల దశ కూడా చూపించండి. క్రిటాలో రికార్డర్ ఉంది, బొమ్మ పుట్టిన తీరంతా వీడియోగా దాచుకోవచ్చు. ఏది నిజమో ఏది కాదో తెలియని ఈ రోజుల్లో, చేసిన పనికి సాక్ష్యం ఉండటం చిన్న విషయం కాదు. హీరో బొమ్మ వేయొద్దని ఎవరూ అనరు. వేయండి, కానీ ఒకటి చాలు. అదే సినిమా స్టిల్‌ను ఎందరో అభ్యర్థులు వేస్తారు. మీ తాతయ్య ముఖాన్ని మాత్రం మీరొక్కరే వేయగలరు.

ఆరు వారాల్లో ఎవరూ మహా చిత్రకారులైపోరు. కానీ ఏడో వారం బస్సులో కూర్చున్నప్పుడు ఎదుటి సీట్లో మనిషి చెంప మీద వెలుగు ఎక్కడ ఆగిందో, కనుబొమ కింద నీడ ఎంత ముదురుగా ఉందో మీకు తెలియకుండానే చూస్తుంటారు. ఆ అలవాటు మొదలైందంటే చెయ్యి దాని వెంట అదే వస్తుంది.